నష్టపోయిన మనిషి ముందు కూర్చోవడం ఎవరు నేర్పాలి?

వరంగల్ సెంట్రల్ జైలు అనగానే మా ప్రాంతంలో చాలామందికి అక్కడి ఖైదీలు నేసిన జంపఖానాలు గుర్తుకు వస్తాయి. 2021లో ఆ జైలును కూల్చివేసి స్థలాన్ని ఆసుపత్రికి ఇచ్చారు గానీ, ఆ మగ్గాల వెనుక ఉన్న నమ్మకం మాత్రం పోలేదు. చేతికి ఒక పని నేర్పితే మనిషి దారిలో పడతాడన్నది ఆ నమ్మకం. నేరారోపణ మీద విచారణ నడుస్తుండగా 18 ఏళ్లు నిండని పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోముల్లో కూడా ఇవాళ అదే నమ్మకంతో కుట్టుపని, కంప్యూటరు, కరెంటు పని నేర్పుతున్నారు. చదువు మధ్యలో ఆపేసిన వారిని మళ్లీ పుస్తకాల ముందు కూర్చోబెడుతున్నారు. వీటిలో వద్దనదగినది ఒక్కటీ లేదు. అయితే ఆ పిల్లవాడు అక్కడికి చేరడానికి కారణం అతనికి పని రాకపోవడం ఒక్కటే కాదు. అతని వల్ల ఎక్కడో ఒక మనిషి నష్టపోయాడు. ఆ మనిషి పేరు కేసు కాగితాల్లో ఫిర్యాదుదారుగా ఉంటుంది, కానీ హోములో పొద్దుటి నుంచి రాత్రి దాకా నడిచే ఏ పాఠంలోనూ ఆయన ప్రస్తావన రాదు.

ఈ లోటును పూడ్చాలని చెప్పే ఆలోచనను పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. ఏ చట్టాన్ని ఉల్లంఘించారు, ఎవరు ఉల్లంఘించారు, ఏ శిక్ష వేయాలి అని కోర్టు అడుగుతుంది. పునరుద్ధరణ న్యాయం మాత్రం ఎవరికి ఏ నష్టం జరిగింది, వారికి ఇప్పుడు ఏం కావాలి, దాన్ని సరిచేయవలసిన బాధ్యత ఎవరిది అని అడుగుతుంది. అమెరికాకు చెందిన హోవార్డ్ జెహర్ వంటివారు ఈ ప్రశ్నలకు ఒక స్పష్టమైన రూపం ఇచ్చారు. తప్పు చేసిన పిల్లలనూ నష్టపోయిన వారినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని ఇప్పుడు మన దేశంలోనూ కొందరు అంటున్నారు, నేను వారితో ఏకీభవిస్తాను. కానీ నా వాదన అక్కడితో ఆగదు. అలా కూర్చోవడానికి కావలసిన శక్తి ఆ పిల్లల్లో పుట్టుకతో ఉండదు, పశ్చాత్తాపం కలిగినంత మాత్రాన రాదు. దాన్ని ఓపికగా, అభ్యాసం చేయించి నేర్పాలి. నేర్పకుండా కూర్చోబెడితే ఆ సమావేశం నష్టపోయిన మనిషిని రెండోసారి గాయపరుస్తుంది.

ఉత్తర తెలంగాణలోని ఒక హోములో నేను కొంతకాలంగా స్వచ్ఛందంగా పిల్లలతో మాట్లాడే పని చేస్తున్నాను. ఇక్కడ రాసే సంగతుల్లో పిల్లలను, కుటుంబాలను, ఊళ్లను గుర్తుపట్టే వివరాలు ఉండవు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ వారి గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధించింది. ఆ సెక్షన్ లేకపోయినా నేను రాయను.

ఆ పిల్లలు తాము చేసిన పని గురించి చెప్పే తీరు వింటే, వారికి మొదట ఏం నేర్పాలో తెలుస్తుంది. "లొల్లయింది, దెబ్బలు తాకినయి" అంటాడు ఒకడు. "దోస్తులు రమ్మంటే పోయిన" అంటాడు ఇంకొకడు. ఆ కథలో తాను ఎక్కడ నిలబడ్డాడు, చేతిలో ఏముంది, ముందు ఏం చేశాడు, తర్వాత ఏం చేశాడు అన్నవి ఉండవు. ఇది కేవలం తప్పించుకునే గుణం అనుకోవడం అన్యాయం. స్టేషనులో నోరు విప్పితే దెబ్బలు పడతాయని ఒకరు, కోర్టులో నోరు విప్పితే కేసు బిగుస్తుందని మరొకరు అతనికి ఇప్పటికే చెప్పి ఉంటారు. ఆ జాగ్రత్తలో న్యాయం కూడా ఉంది, ఎందుకంటే 18 ఏళ్లు నిండేదాకా పిల్లవాడికి దురుద్దేశం గానీ నేర ఉద్దేశం గానీ లేదనే భావించాలని చట్టం మూడో సెక్షన్‌లోని మొదటి సూత్రమే చెబుతోంది. కాబట్టి విచారణ నడుస్తున్నప్పుడు 'నువ్వేం చేశావో చెప్పు' అని ఎవరూ ఒత్తిడి పెట్టకూడదు. అప్పుడు నేర్పగలిగింది వేరే ఉంది: తరగతిలో, ఇంట్లో, హోములో జరిగిన చిన్న గొడవలను తీసుకుని, వాటిలో తన వంతును క్రమంగా, ఏదీ దాచకుండా, ఎవరి మీదా తోయకుండా చెప్పడం. కేసుతో సంబంధం లేని ఆ చిన్న సంగతుల మీద అలవాటైన నోరు, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ఉత్తర్వు వచ్చాక పెద్ద సంగతి చెప్పడానికి సిద్ధంగా ఉంటుంది.

రెండోది నష్టాన్ని లెక్కగట్టడం. ఇది ఎంత కష్టమైనదో ఒక అబ్బాయితో కూర్చున్నప్పుడు నాకు వివరంగా తెలిసింది.

వ్యవసాయ బావుల దగ్గర స్టార్టర్లు, మోటారు కేబుళ్లు ఎత్తుకుపోవడం, ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి రాగి తీసుకుపోవడం మా జిల్లాల్లో రైతులు తరచుగా పడే బాధ. ఈ అబ్బాయి తనకంటే పెద్దవాళ్లయిన ఇద్దరితో కలిసి రాత్రిపూట ఒక బావి దగ్గర కేబుల్ కోసుకుపోయాడు. రాగి కిలో ఏ ధరకు పోయిందో, పాత సామాన్ల దుకాణంలో తూకంలో ఎంత కొట్టేశారో, తన వాటాకు ఎంత వచ్చిందో అన్నీ అతనికి కచ్చితంగా తెలుసు. రైతుకు ఏమైంది అని అడిగితే మాత్రం "కొత్తది కొనుక్కుంటడు గద మేడం" అన్నాడు. అందులో పొగరు లేదు. అతను నిజంగా అంతవరకే ఆలోచించాడు.

'అట్లా అనొచ్చా' అని మందలించడం సులువే, కానీ దానివల్ల అతను తల దించుకోవడం తప్ప నేర్చుకునేది ఉండదు. అందుకని ఆ మరునాటి పొద్దున్నే బావి దగ్గరికి వచ్చిన మనిషి మొదట ఏం చేస్తాడో చెప్పమన్నాను. "స్విచ్ ఏస్తడు" అన్నాడు. తర్వాత? మోటరు నడవకపోతే కరెంటు లేదేమో అనుకుంటాడు, ఫ్యూజు చూస్తాడు, లైన్‌మన్‌కు ఫోన్ చేస్తాడు, చివరికి బావి ఒడ్డుకు పోయి చూస్తే కోసిన కొస కనిపిస్తుంది. అది ఏ కాలం? వానకాలం మొదట్లో, నారు పోసిన రోజులు. నీళ్లు లేకుండా నారు ఎన్నాళ్లు ఆగుతుంది? అతనిదీ వ్యవసాయం చేసే ఇల్లే కాబట్టి వెంటనే చెప్పాడు, ఎండ గట్టిగా ఉంటే మూడు నాలుగు రోజులకే ఎర్రబడుతుందని. కేబుల్ కొనాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? విత్తనాలకు, దుక్కికి అప్పటికే పెట్టేసి ఉంటాడు, షావుకారు దగ్గర మళ్లీ అడగాలి. ఆ మూడు రోజులూ ఏం చేసి ఉంటాడు? ఇక్కడ అతను కొంచెం ఆగి, "మా తాతయితే బిందెలతోని మోసి పోస్తుండె" అన్నాడు. ఆ వాక్యం నేను అతని నోట పెట్టింది కాదు. ఆ మాటతో బావి యజమాని అతనికి కేసులోని ఫిర్యాదుదారుగా కాక, నారుమడిలో బిందె పట్టుకున్న మనిషిగా కనిపించాడు. ఈ పాఠానికి పుస్తకం అక్కరలేదు, సమయం కావాలి, అడిగేవారికి ఆ ఊరి పనులు తెలిసి ఉండాలి. నగరం నుంచి తెచ్చిన ముద్రిత ప్రశ్నావళిలో నారుమడి ఉండదు.

మూడోది మాట్లాడకుండా వినడం. ఎదుటివారు కోపంతో మాట్లాడుతుంటే ఈ పిల్లలు రెండే పనులు చేయగలరు, ఎదురు మాట్లాడటం లేదా రాయిలా అయిపోవడం. చిన్నప్పటి నుంచి తిట్లు తిన్న పిల్లలు తిట్టు మొదలవగానే చెవులు మూసుకుంటారు, అది వారిని ఇన్నాళ్లూ కాపాడిన అలవాటు. దాన్ని మాన్పించాలంటే ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒకరు చెప్పింది రెండోవారు తమ మాటల్లో తిరిగి చెప్పేలా, చెప్పినవారు 'అవును, అదే' అనేదాకా ప్రయత్నించేలా అభ్యాసం చేయించాలి. మొదట్లో నవ్వుతారు. కొన్ని వారాలకు, హోములో టీవీ రిమోట్ గురించి వచ్చే కొట్లాటలో కూడా 'ముందు నన్ను చెప్పనియ్యి' అనే మాట వినిపించడం మొదలవుతుంది.

నాలుగోది నిలబెట్టుకోగలిగినంత మాటే ఇవ్వడం. తప్పు ఒప్పుకున్న ఆవేశంలో పిల్లలు అంతా కట్టేస్తామంటారు, జన్మలో ఆ దారికి పోమంటారు. నష్టపోయిన మనిషికి ఆ పెద్ద మాటల వల్ల ఏ ఉపయోగమూ లేదు. తాను నెలకు నిజంగా ఎంత సంపాదించగలడు, అందులో ఇంటికి ఎంత పోతుంది, మిగిలిందాంట్లో ఎంత ఇవ్వగలడు, ఒక నెల ఇవ్వలేకపోతే ఎవరికి ముందుగా చెప్పాలి అన్నవి కాగితం మీద రాసుకునేలా చేయాలి. నా దృష్టిలో అన్నిటికంటే తక్కువ శ్రద్ధ దీని మీదే పెడుతున్నారు.

ఆ కేబుల్ విషయంలో బోర్డు ఉత్తర్వు వెలువడి, అబ్బాయి ప్రొబేషన్ మీద, అంటే ఒక అధికారి పర్యవేక్షణలో బయట ఉన్న రోజుల్లో, ఇద్దరూ ఒప్పుకున్నాకే సమావేశం జరిగింది. రైతు వచ్చాడు, ఆయన భార్య రానన్నది. వాడి ముఖం చూడనని ఆమె కబురు పంపింది, ఆమెను ఎవరూ బతిమాలలేదు, అది సరైన పని. రైతు డబ్బు గురించి అడుగుతాడని అందరం అనుకున్నాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న వేరు: "నా బాయే ఎందుకు దొరికింది మీకు? మా ఊరోళ్లు ఎవలన్న చెప్పిండ్రా?" ఏడాదిగా ఆయన తన పాలివాళ్లలో ఒకరిని అనుమానిస్తూ, వారి ఇంట్లో శుభకార్యానికి కూడా పోకుండా ఉన్నాడట. అబ్బాయి, "ఎవ్వలు చెప్పలే కాకా, రోడ్డుకు దగ్గరుంది, లైటు లేదు, గందుకే" అన్నాడు. ఆ ఒక్క జవాబు ఆయనకు ఏ కోర్టూ ఇవ్వలేదు, ఇవ్వగలిగేది కూడా కాదు, ఎందుకంటే కోర్టులో ఆ ప్రశ్న అడిగే అవకాశమే ఆయనకు రాదు. తర్వాత కేబుల్ ధరలో కొంత భాగం వాయిదాల్లో కట్టాలని అనుకున్నారు. మొదటి వాయిదాలు సరిగానే అందాయి, మధ్యలో ఆగాయి, రైతు ప్రొబేషన్ అధికారికి ఫోన్ చేశాడు, మళ్లీ మొదలయ్యాయి. మొత్తం చిన్నది కాబట్టే మళ్లీ మొదలుపెట్టడం సాధ్యమైంది.

ఇలాంటి సమావేశాలకు ఆధునిక కాలంలో మొదటి ఉదాహరణగా చెప్పేది 1974లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఎల్మైరా అనే చిన్న పట్టణంలో జరిగింది. తాగిన మత్తులో ఇద్దరు యువకులు ఒక్క రాత్రిలో 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. వారిని ఇల్లిల్లూ తిప్పి నష్టపోయిన వారితో మాట్లాడించమని ఒక ప్రొబేషన్ అధికారి న్యాయమూర్తిని కోరగా, ఆయన ఒప్పుకున్నారు. ఆ ఇద్దరూ తిరిగారు, నష్టపరిహారం కట్టారు. వారిలో ఒకరు చాలా ఏళ్ల తర్వాత అదే రంగంలో పనిలోకి వచ్చారు. ఆ తర్వాత న్యూజీలాండ్ 1989లో ఒక చట్టమే చేసి, తప్పు చేసిన కుర్రవాడు, అతని కుటుంబం, నష్టపోయినవారు, పోలీసు కలిసి కూర్చుని పరిష్కారం రాసుకునే కుటుంబ సమావేశాలను పిల్లల కేసుల్లో కేంద్రస్థానంలో పెట్టింది. అక్కడి మావోరీ ప్రజలు తమ పిల్లలను ప్రభుత్వం కుటుంబాల నుంచి వేరుచేయడాన్ని గట్టిగా ప్రశ్నించడం ఆ చట్టానికి ఒక ముఖ్య కారణం.

ఈ సంగతులు చెప్పినప్పుడల్లా హనుమకొండలో మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. ఇది మన ఊళ్లలో పెద్దమనుషులు చేసే పంచాయితీయే కదా, కొత్తగా నేర్చుకునేదేముంది అంటారు. ఈ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే పంచాయితీ అనే మాట ఈ నేల మీద చాలా బరువైన చరిత్ర మోస్తోంది. గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడిన తరం ఉంది, అక్కడ దొర చెప్పిందే తీర్పు. ఆ దొరతనం మీద తిరగబడిన కాలంలో నక్సలైట్ల ప్రజాకోర్టులు వచ్చాయి, అక్కడ తీర్పు చెప్పే చేయి మారింది గానీ నిలబడిన మనిషికి మాట్లాడే చోటు రాలేదు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల వైపు వీడీసీలని అందరూ పిలిచే గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలకు జరిమానాలు వేయడం, కట్టనివారిని సాంఘికంగా బహిష్కరించడం పత్రికల్లో పదే పదే వచ్చింది. బహిష్కరించిన ఇంటితో మాట్లాడితే మాట్లాడినవారికీ జరిమానా పడుతుంది.

ఈ పంచాయితీల్లో తప్పు చేసిన కుర్రవాడు ఏం చేస్తాడో గమనించండి. వాడు దూరంగా, చెట్టు కింద నిలబడతాడు. మాట్లాడేది తండ్రి, లేకపోతే కులపెద్ద. బేరం డబ్బు మీద నడుస్తుంది, ఆ మొత్తం నష్టాన్ని బట్టి కాక ఎవరి బలం ఎంత అన్నదాన్ని బట్టి తేలుతుంది. తండ్రి అప్పు చేసి కడతాడు, ఇంటికి పోయి కొడుకును కొడతాడు. నష్టపోయినది దళిత కుటుంబమైతే 'ఊళ్లో బతకాలి కదా' అనే మాటతో వారి నోరు మూయిస్తారు. తప్పు చేసినవాడు దళిత కుర్రవాడైతే అదే తప్పుకు ఇంకెన్నో రెట్లు కట్టిస్తారు. ఇందులో ఎవరూ ఏ నైపుణ్యమూ నేర్చుకోరు. సిగ్గు మాత్రం మిగులుతుంది. ఆస్ట్రేలియా నేరశాస్త్రవేత్త జాన్ బ్రెయిత్‌వైట్ 1989లోనే ఈ సిగ్గు గురించి ఒక ముఖ్యమైన తేడా చూపించారు. చేసిన పనిని తప్పని చెప్పి మనిషిని మళ్లీ కలుపుకునే మందలింపు నేరాన్ని తగ్గిస్తుందని, మనిషికే దొంగ అని ముద్రవేసి వెలివేసేది అతన్ని అలాంటి ముద్ర పడిన మరికొందరి దగ్గరికే చేరుస్తుందని ఆయన వాదన. ఆ కేబుల్ అబ్బాయితో ఉన్న పెద్దవాళ్లిద్దరూ అతనికి పరిచయమైంది, మొదటి చిన్న దొంగతనం తర్వాత ఊళ్లో ఎవరూ పనికి పిలవని రోజుల్లోనే.

కాబట్టి నేను అడిగేది పాత పంచాయితీని హోములోకి తేవడం కాదు. పెద్దమనిషి కుర్చీ తీసేసి, ఆ స్థానంలో మాట్లాడటం, వినడం, లెక్కగట్టడం, మాట నిలబెట్టుకోవడం అభ్యాసం చేసిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టడం. 2002లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సామాజిక మండలి ఆమోదించిన సూత్రాలు కూడా ఇరుపక్షాల స్వేచ్ఛాయుతమైన సమ్మతి ఉండాలని, ఇందులో పాల్గొనడాన్ని నేరం ఒప్పుకున్నట్టు సాక్ష్యంగా వాడకూడదని స్పష్టంగా చెప్పాయి.

మన చట్టం దీనికి అడ్డు రాదు. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న బాల న్యాయ చట్టం, ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే జువెనైల్ జస్టిస్ బోర్డుకు 18వ సెక్షన్ కింద చాలా దారులు ఇచ్చింది. మందలించి ఇంటికి పంపవచ్చు, బృంద కౌన్సెలింగ్‌కు హాజరు కమ్మనవచ్చు, సమాజ సేవ చేయమనవచ్చు, ప్రొబేషన్ మీద వదలవచ్చు; తప్పు రుజువైన పిల్లలను ఉంచే స్పెషల్ హోముకు పంపడం చివరి మార్గం, అదీ మూడేళ్లకు మించకుండా. బృంద కౌన్సెలింగ్ అని ఉత్తర్వులో రాసినప్పుడు అక్కడ ఏం జరగాలో రాయడానికి ఏ అభ్యంతరమూ లేదు. సమాజ సేవ విషయంలో మన ఊహ మరీ బీదగా ఉంది: పార్కు ఊడ్చడం, ఆసుపత్రిలో సాయం చేయడం. నియమాల్లో ఉదాహరణలు అవే కావచ్చు, కానీ చేసిన నష్టానికీ చేసే సేవకూ ఏదో ఒక సంబంధం కుదిరితేనే పిల్లవాడికి ఆ చెమట ఎందుకో తెలుస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత పెద్దవాళ్ల విషయంలో కూడా, 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చినవారికి సమాజ సేవే శిక్ష అంటోంది. పెద్దవారికి తెరిచిన ఆ తలుపును పిల్లల దగ్గర ఇంకా వెడల్పుగా తెరవడానికి సంకోచం ఎందుకు?

అన్ని కేసులకూ ఇది పనికిరాదు. లైంగిక దాడి కేసుల్లో బాధితురాలిని ఎదురుగా కూర్చోమనడం చాలా సందర్భాల్లో క్రూరత్వమే, రాజీ కోసం ఊళ్లో అప్పటికే ఒత్తిళ్లు నడుస్తుంటాయి కాబట్టి మరీ ప్రమాదం. అక్కడ కూడా పిల్లవాడికి ఈ పాఠాలు చెప్పాలి, కానీ సమావేశం లక్ష్యంగా కాదు. శిక్ష తగ్గుతుందన్న ఆశతో ఇందులోకి రప్పించడం కూడా నాకు ఇష్టం లేదు. ఆశ పెట్టిన రోజున పిల్లలు నేర్చుకునేది నటనే.

ఇక ఎవరు నేర్పాలి? అబ్జర్వేషన్ హోములో పిల్లలు ఎన్నాళ్లుంటారో ఎవరికీ తెలియదు, బెయిలు వస్తే వారంలోనే వెళ్లిపోతారు, వెళ్లడమే మంచిది. కాబట్టి పాఠాలు హోముతో ముగియకుండా ప్రొబేషన్ అధికారి చేతిలో కొనసాగాలి. ఆ అధికారి పదిహేను రోజుల్లో ఇవ్వవలసిన సామాజిక పరిశోధన నివేదికలో కుటుంబం, చదువు, సావాసాల గురించి రాస్తారు. నష్టపోయినవారితో మాట్లాడి, వారు ఏమనుకుంటున్నారో ఒక పేరా అదనంగా రాస్తే సగం పని అక్కడే మొదలవుతుంది. హోములో వార్డెను, వంటమనిషి, కాపలాదారు కూడా ఇవే అభ్యాసాల్లో కూర్చోవాలి. పిల్లవాడి మీద చేయి చేసుకుని, ఆ తర్వాత దాని గురించి ఒక్క మాట మాట్లాడని పెద్దవారి మధ్య, తన తప్పు చెప్పుకోవడం అతను ఎవరిని చూసి నేర్చుకుంటాడు? తండ్రులకు కూడా ముందే చెప్పి తీసుకురావాలి. సమావేశంలో కొడుకు నోరు విప్పేలోపే లేచి రైతు కాళ్ల మీద పడబోయిన తండ్రిని నేను చూశాను. ఆయన్ని ఆపి కూర్చోబెట్టి, మీరు కాదు, అతనే చెప్పాలి అని నచ్చజెప్పడానికే చాలాసేపు పట్టింది.

డబ్బు సంగతి కూడా ఉంది, చిన్నదే అయినా దీని మీదే చాలా సమావేశాలు ఆగిపోతాయి. నష్టపోయిన రైతు గానీ, ఫోన్ పోగొట్టుకున్న కూలీ మనిషి గానీ హనుమకొండకు రావాలంటే ఒక రోజు పని పోతుంది, బస్సు కిరాయి పెట్టుకోవాలి. దానికి ఏ పద్దులోనూ కేటాయింపు లేకపోతే, ఇప్పటికే నష్టపోయిన మనిషి మళ్లీ చేతి డబ్బు పెట్టుకోవలసి వస్తుంది. సమావేశం ఆ మనిషి ఉండే మండల కేంద్రంలో, ఆయనకు వీలైన రోజున పెట్టాలి; ఆ రోజు కూలి, రాకపోకల ఖర్చు జిల్లా బాలల సంరక్షణ విభాగం భరించాలి. బోర్డు ఉత్తర్వులో ఈ రెండు వాక్యాలు చేర్చమని నేను ప్రతిసారీ అడుగుతున్నాను, ఇకముందు కూడా అడుగుతాను.